నిన్నా ‘ఉన్నాను’, ఇవాళా ‘ఉన్నాను’

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి చిక్కు ఒక్కటే. ఇంగ్లిష్‌లో ‘వాజ్’ పెట్టి క్రియ చివర ‘ఇంగ్’ తగిలించే రూపం, బళ్ళో పాస్ట్ కంటిన్యువస్ అని నేర్చుకున్నామే అది, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అని. రాసినవాళ్ళంతా బెంగళూరులో ఉంటున్న మనవాళ్ళే. ఒకరు ఇంటర్వ్యూలో తడబడ్డారు, ఒకరి పిల్లకి మార్కులు పోయాయి, ఒకరు ఇన్సూరెన్సు ఫారం ముందు కూర్చుని ఏం రాయాలో తోచక ఉత్తరం రాశారు. అందుకే ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: నేను మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. ఒక కంపెనీలో మూడేళ్ళు టెస్టింగ్ చేసి మానేశాను, ఇప్పుడు ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మొన్న ఇంటర్వ్యూలో ‘ఐ వాజ్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అన్నాను. ఆవిడ వెంటనే ‘దెన్ వాట్ హ్యాపెండ్?’ అంది. అక్కడేదో గొడవ జరిగిందని అనుకుందేమోనని టెన్షన్ పట్టుకుంది, తర్వాతి జవాబులన్నీ చెడగొట్టుకున్నాను. నేనన్నది తప్పా?
(ఒక పాఠకుడు, మారతహళ్ళి)

జవాబు: వ్యాకరణం ప్రకారం అది తప్పని కొట్టిపారేయలేం. కానీ మీరు చెప్పదలచుకున్నది ఒకటి, ఆవిడకి వినిపించింది ఇంకొకటి. ‘ఐ వాజ్ వర్కింగ్’ అనగానే వినేవాళ్ళ కళ్ళ ముందుకు పని మధ్యలో ఉన్న మనిషి వస్తాడు. ఆ పని పూర్తయిందా, మధ్యలో ఆగిందా అన్నది ఆ మాటలో ఉండదు. అందుకే ‘సరే, తర్వాతేమైంది?’ అని అడగాలనిపిస్తుంది. తెలుగులోనే అని చూడండి, ‘అక్కడ మూడేళ్ళుగా పనిచేస్తూ ఉన్నాను’ అని ఆపేస్తే మీ అమ్మగారైనా ‘ఊఁ, అయితే?’ అంటారు. ‘మూడేళ్ళు పనిచేశాను’ అంటే ఎవరూ ఏమీ అడగరు, మాట అక్కడితో పూర్తయింది. మీకు కావలసింది ఆ పూర్తయిన మాటే: ‘ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్.’ ఇంకా ఆ ఉద్యోగంలోనే ఉంటే అప్పుడు ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’.

ఈ తడబాటు ఎక్కడ పుడుతోందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనలో చాలామంది ‘నాకు ఇంగ్లిష్ రాదు’ అని తమని తాము తిట్టుకుంటారు గానీ, దీని వేరు మన తెలుగులోనే ఉంది. ‘ఉన్నాను’ అన్న మాట చూడండి. ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నాను’ అంటాం, ‘నిన్న రాత్రి ఇంట్లోనే ఉన్నాను’ అనీ అంటాం. మాట ఒక్కటే, కాలాలు రెండు. దాని మీద కట్టిన ‘చేస్తున్నాను’ కూడా అంతే. ‘ఇప్పుడు స్నానం చేస్తున్నాను’, ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు స్నానం చేస్తున్నాను’. కాలం ఏదో ‘ఇప్పుడు’, ‘నిన్న’, ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు’ లాంటి మాటలు చెప్తాయి, క్రియ చెప్పదు. ‘లేను’ కూడా ఇంతే, నిన్న లేకపోయినా ‘లేను’, ఇవాళ లేకపోయినా ‘లేను’.

మీ చుట్టూ ఉన్న కన్నడ వినండి. ‘ఊట మాడ్తా ఇద్దీని’ అంటే ఇప్పుడు తింటున్నాను. ‘ఊట మాడ్తా ఇద్దె’ అంటే అప్పుడు తింటూ ఉన్నాను. ‘ఇద్దీని’ వేరు, ‘ఇద్దె’ వేరు, ఇంగ్లిష్‌లో ‘యామ్’, ‘వాజ్’ విడిగా ఉన్నట్టే. పక్క సీటులో ఉన్న కన్నడ కుర్రాడు ఈ చోట తడబడకపోతే అతనికి ఇంగ్లిష్ ఎక్కువ వచ్చని అనుకోవద్దు, అతని భాషలో ఆ రెండు గదులూ ముందే ఉన్నాయి. మనలోనూ అనంతపురం, చిత్తూరు వైపు వాళ్ళు ‘వాన పడతా ఉండె’ అంటారు, ఆ ‘ఉండె’లో గతం స్పష్టంగా ఉంది. అటువైపు వాళ్ళయితే ‘ఉండె’ అనే చోట ‘వాజ్’ పెట్టి చూసుకోండి, చాలాసార్లు సరిపోతుంది.

క్రియలో తేడా లేకపోవడం వల్ల మనం రెండు రకాలుగా తప్పుతాం. ఒకటి, ‘వాజ్’ బదులు ‘యామ్’ అనేయడం: ‘వెన్ యూ కాల్డ్, ఐ యామ్ బాతింగ్.’ ఇది తప్పని ఎవరో సరిదిద్దుతారు. ఇక ఆ భయంతో జరిగిపోయినదాని గురించి ఏం చెప్పాలన్నా ముందే ‘వాజ్’ పెట్టేసుకుంటాం, అది రెండో తప్పు. మీది ఆ రెండోది.

ఇంగ్లిష్ ఈ రూపాన్ని దేనికి వాడుతుందో డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ ఒక్క మాటలో పట్టుకున్నాడు, ఇది ఫ్రేములాంటిదని. లోపల ఒక చిన్న సంఘటన, దాని చుట్టూ అంతకుముందే మొదలై ఇంకా సాగుతున్న పని. తెలుగులో ఆ ఫ్రేము పేరు ‘తుండగా’. ‘నేను అక్కడ పనిచేస్తుండగా మా చెల్లికి పెళ్ళి కుదిరింది’: ‘ఐ వాజ్ వర్కింగ్ దేర్ వెన్ మై సిస్టర్ గాట్ ఎంగేజ్డ్.’ ఇక్కడ ‘వాజ్ వర్కింగ్’ చక్కగా కుదిరింది, ఎందుకంటే లోపల పెట్టడానికి పెళ్ళి కుదరడం ఉంది. ‘తుండగా’ అని అన్నాక చెప్పడానికి ఇంకేమైనా ఉందా అని చూసుకోండి. ఉంటే ‘వాజ్’, ‘ఇంగ్’. ఏమీ లేకపోతే మామూలు భూతకాలం చాలు. ఒక్కోసారి ఆ సంఘటన వాక్యంలో ఉండక్కర్లేదు, గడియారం ఉన్నా చాలు. ‘నిన్న రాత్రి పదకొండింటికి ఏం చేస్తున్నావ్?’ అంటే ఆ పదకొండే ఫ్రేములో బొమ్మ.

ఈసారి ఇంటర్వ్యూకి వెళ్ళేముందు అయిదు వాక్యాలు కాగితం మీద రాసుకోండి, చదువు, ఉద్యోగం, చేసిన పనులు. ‘ఐ టెస్టెడ్’, ‘ఐ వ్రోట్’, ‘ఐ లెడ్’. పూర్తి చేసిన పనిని పూర్తయినట్టే చెప్పండి, మీరు చేసినదానికి ఆ గౌరవం దక్కాలి.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. సెలవులకి ఊరెళ్ళిన సంగతి ఇంగ్లిష్‌లో రాసుకు రమ్మన్నారు. రెండు పేజీలు ఎంతో ఇష్టంగా రాసింది. పేజీ నిండా ఎర్ర సున్నాలు చుట్టి పంపారు, ఎందుకో రాయలేదు. పిల్ల ఏడుస్తోంది. మొదటి పేరా మీకు పంపుతున్నాను.
(ఒక తల్లి, కేఆర్ పురం)

జవాబు: అమ్మా, పేరా చదివాను. ముందుగా పాపకి చెప్పండి, వానలో ఆగిన బస్సు, అందులోంచి దిగి మిర్చి బజ్జీలు తెచ్చిన నాన్న, అవి చల్లారకుండా ఒళ్ళో దాచుకున్న తమ్ముడు, ఇవన్నీ నా కళ్ళకి కట్టాయని. చూసింది చూసినట్టు రాసే పిల్ల అది. ఎర్ర సున్నాలు చుట్టి ఊరుకోవడం నాకూ బాధగానే ఉంది, ఎందుకు తప్పో చెప్పకుండా తప్పని చెప్తే పిల్లలు రాయడమే మానేస్తారు.

పాప ఇలా రాసింది: ‘వి వర్ గోయింగ్ టు ద బస్‌స్టాండ్. వి వర్ సిటింగ్ ఇన్ ద బస్. రెయిన్ వాజ్ కమింగ్. ద బస్ వాజ్ స్టాపింగ్. మై ఫాదర్ వాజ్ గెటింగ్ డౌన్. హీ వాజ్ బయింగ్ బజ్జీస్.’ ఆరు వాక్యాలు, ఆరూ సాగుతూనే ఉన్నాయి, ఒక్కటీ జరగలేదు. బస్‌స్టాండ్‌కి వెళ్తూనే ఉన్నారు గానీ చేరలేదు. ‘ద బస్ వాజ్ స్టాపింగ్’ అంటే బస్సు ఇంకా ఆగలేదు, ఆగబోతోంది. ఆగని బస్సులోంచి నాన్న దిగుతున్నాడు!

కథలో ముందుకు నడిచే పనులు వేరు, వెనక పరిచి ఉన్నవి వేరు. వెళ్ళాం, కూర్చున్నాం, ఆగింది, దిగారు, కొన్నారు, ఇవి నడిచేవి, వీటికి మామూలు భూతకాలం. వాన మాత్రం వెనకాల పరిచి ఉంది, ఇవన్నీ జరుగుతున్నంతసేపూ పడుతూనే ఉంది. కాబట్టి ‘ఇంగ్’ దానికే దక్కుతుంది. (‘రెయిన్ వాజ్ కమింగ్’ అనడం ‘వాన వస్తోంది’కి మాటకి మాట పెట్టినట్టు, ఇంగ్లిష్‌లో ‘ఇట్ వాజ్ రెయినింగ్’ అంటారు.) ఇప్పుడు చూడండి:

‘వి వెంట్ టు ద బస్‌స్టాండ్ అండ్ గాట్ ఇన్‌టు ద బస్. ఇట్ వాజ్ రెయినింగ్. హాఫ్‌వే, ద బస్ స్టాప్డ్. మై ఫాదర్ గాట్ డౌన్ అండ్ బాట్ బజ్జీస్.’

తమ్ముడు బజ్జీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వాక్యం ఉంది చూశారా, అక్కడ పాప రాసిన ‘మై బ్రదర్ వాజ్ హోల్డింగ్ దెమ్’ నూటికి నూరుపాళ్ళు సరైనది. దానికీ సున్నా చుట్టారు. దయచేసి ఆ సున్నా కొట్టేసి పక్కన ఒక టిక్కు పెట్టండి, నా మాటగా.

ఇంట్లో చేయడానికి ఒక పని చెప్తాను. రెండు రంగు పెన్సిళ్ళు ఇవ్వండి. తెలుగులో కథ చెప్పమనండి, మీరు రాసుకోండి. ‘వెళ్ళాం, చూశాం, కొన్నాం’ కింద ఆకుపచ్చ గీత, ‘పడుతోంది, అరుస్తున్నారు, నిద్రపోతున్నాడు’ కింద నీలం గీత పాపనే గీయమనండి. ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి మారిస్తే నీలం గీత ఉన్నచోటే ‘వాజ్’ వస్తుంది. తెలుగులో ఏది ఏదో పాపకి ఎప్పుడో తెలుసు, ఆ తెలిసినదాన్నే అటు మోసుకెళ్ళడం.

ప్రశ్న: ‘ఐ వాజ్ నాట్ నోయింగ్’ అంటే మా టీమ్ లీడ్ నవ్వుతాడు. ‘ఐ వాజ్ హావింగ్ ఎ బైక్’ కూడా తప్పంటాడు. మరి ‘ఐ వాజ్ హావింగ్ లంచ్’ అని ఆయనే రోజూ అంటాడు. ఒక్కో రోజు ఒక్కో రూలా?
(ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: రూలు ఒకటే, ‘హావ్’ అన్న మాటే రెండు పనులు చేస్తుంది. బైకు ‘ఉండడం’ పని కాదు, స్థితి. మీరు నిద్రపోతున్నా బైకు మీదే. లంచ్ తినడం పని, మొదలవుతుంది, సాగుతుంది, అయిపోతుంది. సాగే పనికే ‘ఇంగ్’. కాబట్టి ‘ఐ హాడ్ ఎ బైక్’, కానీ ‘ఐ వాజ్ హావింగ్ లంచ్’. జ్వరం కూడా ఉండేదే, ‘ఐ హాడ్ ఫీవర్’.

‘నో’ అనే క్రియ, అంటే తెలియడం, స్థితి కిందకే వస్తుంది. ఇక్కడా మన తెలుగు చేయి కనిపిస్తుంది: ‘తెలుసు’కి కాలమే లేదు. ‘నాకు నిన్ననే తెలుసు’, ‘నాకు ఇప్పుడు తెలుసు’. దాన్ని గతంలోకి నెట్టాలంటే ఏం చేయాలో తోచక ‘వాజ్’, ‘ఇంగ్’ రెండూ తగిలిస్తాం. అక్కర్లేదు, ‘ఐ డిడ్‌నాట్ నో’ అంటే అయిపోయింది. బిలీవ్, బిలాంగ్, ఓన్, నీడ్ ఇవన్నీ ఈ గుంపే. ‘థింక్’ రెండు వైపులా ఉంటుంది: ‘నువ్వు సెలవులో ఉన్నావనుకున్నాను’ అంటే ‘ఐ థాట్’, ‘నీ గురించే ఆలోచిస్తున్నాను’ అంటే ‘ఐ వాజ్ థింకింగ్’.

‘వాజ్ హావింగ్’ మనదేశమంతా వినిపించే మాట, బెంగళూరులో ఎవరూ అపార్థం చేసుకోరు. క్యాంటీన్‌లో ఎలా మాట్లాడినా పరవాలేదు. పరీక్షలో, బయటిదేశం క్లయింటుకి రాసే మెయిల్లో మాత్రం సరిచూసుకోండి. ఇంకొక మాట, మీ టీమ్ లీడ్‌తో గట్టిగానే చెప్పండి, తప్పు చెప్పవచ్చు గానీ నవ్వకూడదని. నలుగురిలో ఒకసారి నవ్వితే ఆ మనిషి మీటింగుల్లో నోరు విప్పడం మానేస్తాడు, అలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను.

ప్రశ్న: ‘యూ’ అంటే ఒక్కరే కదా, మరి ‘యూ వాజ్’ అనకుండా ‘యూ వర్’ ఎందుకు?
(ఒక డిగ్రీ విద్యార్థిని, యలహంక)

జవాబు: ‘మీరు’ అంటే ఒక్కరే అయినా ‘మీరు ఉన్నారు’ అంటాం కదమ్మా, ‘మీరు ఉన్నావు’ అనం కదా. అదే సంగతి. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో ‘నువ్వు’కి ‘దౌ’ అనే మాట ఉండేది, ‘యూ’ బహువచనం. గౌరవం కోసం ఒక్కరినీ ‘యూ’ అనడం పెరిగి పెరిగి చివరికి ‘దౌ’ వాడుకలోంచి జారిపోయింది. మనిషి ఒక్కడైనా క్రియ మాత్రం పాత బహువచనంలోనే మిగిలింది.

ప్రశ్న: హెబ్బాళ దగ్గర రోడ్డు దాటుతుంటే బైకు గుద్దింది, కాలికి ఫ్రాక్చర్. ఇప్పుడు నడుస్తున్నాను. ఇన్సూరెన్సు ఫారంలో జరిగింది రాయమన్నారు. ‘ఐ క్రాస్డ్ ద రోడ్’ అని రాస్తే మా అబ్బాయి కొట్టేసి ‘ఐ వాజ్ క్రాసింగ్’ అని రాయమన్నాడు. రెండూ ఒకటే కాదా?
(ఒక పాఠకురాలు, ఆర్‌టీ నగర్)

జవాబు: కాదండీ, మీ అబ్బాయి చెప్పిందే సరి, ఫారం పంపేముందు తప్పకుండా మార్చండి. మీరు కోలుకున్నందుకు సంతోషం.

‘ఐ క్రాస్డ్ ద రోడ్’ అంటే దాటేశాను, అవతలి పక్కకి చేరాను. చదివేవాళ్ళకి మీరు ఫుట్‌పాత్ మీద ఉండగా బైకు వచ్చి గుద్దినట్టు అర్థం కావచ్చు. ‘ఐ వాజ్ క్రాసింగ్’ అంటే దాటుతున్నాను, మధ్యలో ఉన్నాను, దాటడం పూర్తికాలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ ఒక్క ‘ఇంగ్’ చెప్తుంది.

దీన్ని ఆలోచిస్తే ఎంతో లోతు ఉంది. ‘నేను నడుస్తున్నాను’ అని మధ్యలో ఆపేసినా, అంతదాకా నడిచినట్టే. ‘రోడ్డు దాటుతున్నాను’ అని మధ్యలో ఆపేస్తే మాత్రం దాటినట్టు కాదు. నడకకి గమ్యం అక్కర్లేదు, దాటడానికి అవతలి గట్టు కావాలి. 1957లో జీనో వెండ్లర్ అనే తత్వవేత్త క్రియల్ని ఇలాగే విడదీశాడు: బండి తోస్తున్నవాడు మధ్యలో ఆపేసినా బండి తోసినట్టే, సున్నా గీస్తున్నవాడు మధ్యలో ఆపేస్తే సున్నా గీసినట్టు కాదు అని. ఇల్లు కట్టడం, ఉత్తరం రాయడం, రోడ్డు దాటడం అన్నీ ఆ సున్నా గీయడం లాంటివే. ‘వి వర్ బిల్డింగ్ ఎ హౌస్’ అన్నంత మాత్రాన అక్కడ ఇల్లు ఉందని కాదు, పునాదిలోనే ఆగి ఉండవచ్చు.

మీ ఫారంలో ఇలా రాయండి: ‘ఐ వాజ్ క్రాసింగ్ ద రోడ్ వెన్ ఎ మోటార్‌సైకిల్ హిట్ మి.’ గుద్దడం ఒక్క క్షణం, అందుకని అది ‘హిట్’ అని ఉండాలి, ‘వాజ్ హిటింగ్’ అంటే మళ్ళీ మళ్ళీ కొడుతున్నట్టు. అప్పుడు సిగ్నల్ మీకు పచ్చగా ఉంటే ‘ద పెడెస్ట్రియన్ సిగ్నల్ వాజ్ గ్రీన్’ అని కూడా చేర్చండి, ఇది స్థితి కాబట్టి ‘ఇంగ్’ లేదు. నిజంగా ఎలా జరిగిందో అలాగే రాయండి, సరిగ్గా కుదరకపోతే తెలుగులో రాసుకుని మీ అబ్బాయి పక్కన కూర్చుని ఒక్కో వాక్యం మార్చండి.

ప్రశ్న: మా మేనేజరు ఏదైనా పని చెప్పాలంటే ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్...’ అని మొదలుపెడుతుంది. అడుగుతున్నది ఇప్పుడు కదా, గతం ఎందుకు?
(ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్)

జవాబు: మీరూ రోజూ చేసేదే ఇది. పక్కింటి ఆంటీ దగ్గరికెళ్ళి ‘ఒక మాట అడుగుదామనుకున్నానండీ’ అంటారు. అనుకోవడం అయిపోయిందా? లేదు, ఇప్పుడే అడుగుతున్నారు. ‘అడుగుతున్నాను’ అంటే ఎదురుగా నిలబడి చేయి చాపినట్టుంటుంది, ‘అనుకున్నాను’ అంటే ఒక అడుగు వెనక్కి వేసి అడిగినట్టు, కాదనడానికి వాళ్ళకి చోటు ఉంటుంది. ఇంగ్లిష్‌వాళ్ళు ఆ అడుగు వెనక్కి వేయడానికి ‘వాజ్’ వాడతారు, ‘ఇంగ్’తో ఇంకా మెత్తబరుస్తారు, ఇంకా ఆలోచనలోనే ఉంది, తేల్చేసుకోలేదు అన్నట్టు. సెలవు అడిగేటప్పుడు మీరూ వాడండి, బాగుంటుంది.

దీని పక్కనే ‘వాజ్ గోయింగ్ టు’ ఉంది, ‘నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను’ అనేది. ‘ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యూ’ అంటే చేయలేదని అర్థం. చేసి ఉంటే ‘ఐ కాల్డ్ యూ’ అనేస్తారు కదా.

ప్రశ్న: మేము 2022లో కేఆర్ పురం వచ్చాం. అప్పుడు మెట్రో కడుతున్నారు. దీన్ని ‘ద మెట్రో వాజ్ బిల్డింగ్’ అనాలా?
(ఒక పాఠకుడు, కేఆర్ పురం)

జవాబు: ‘ద మెట్రో వాజ్ బీయింగ్ బిల్ట్.’ మెట్రో తనంతట తాను ఏమీ కట్టదు, దాన్ని ఎవరో కడుతున్నారు, ఆ ‘కట్టబడుతూ ఉండడం’ కోసం మధ్యలో ‘బీయింగ్’ వస్తుంది. మనం తెలుగులో ‘కట్టబడుతోంది’ అనం, ‘కడుతున్నారు’ అని కర్త పేరు చెప్పకుండానే తేలిగ్గా తేల్చేస్తాం కాబట్టి ఈ ‘వాజ్ బీయింగ్’ నోట్లో ముల్లులా ఉంటుంది.

కానీ మీకు తోచిన రూపం ఒకప్పుడు ఇంగ్లిష్‌లో చెల్లుబాటే! ‘ద హౌస్ వాజ్ బిల్డింగ్’ అంటే ఇల్లు కడుతున్నారని అర్థం. ‘వాజ్ బీయింగ్ బిల్ట్’ 18వ శతాబ్దం చివరినుంచి వాడుకలోకి వచ్చింది, 19వ శతాబ్దంలో పండితులు దాన్ని అసహ్యమైన ప్రయోగమని తెగ తిట్టారు. జనం వినలేదు, అదే నిలిచింది. 2023 అక్టోబరులో కేఆర్ పురం, బైయప్పనహళ్ళి మధ్య రైలు మొదలయ్యాక మీ వాక్యం ‘వాజ్ బిల్ట్’ అయిపోయింది, ఆ ‘బీయింగ్’ అక్కర్లేదు.

ప్రశ్న: నాకు డెబ్బై నాలుగు. నెల్లూరు నుంచి వచ్చి హొరమావులో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవడికి తెలుగు అర్థమవుతుంది గానీ చదవలేడు. నా చిన్నతనం సంగతులు వాడి కోసం ఇంగ్లిష్‌లో ఒక నోట్‌బుక్కులో రాస్తున్నాను. ‘మై ఫాదర్ వాజ్ గివింగ్ మి టెన్ పైసా డైలీ. ఐ వాజ్ గోయింగ్ టు స్కూల్ బై వాక్. వన్ డే ఐ వాజ్ లూజింగ్ ద కాయిన్.’ ఎక్కడో తేడాగా ఉందనిపిస్తోంది. సరిచేయగలరా?
(ఒక పెద్దాయన, హొరమావు)

జవాబు: బాబాయిగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ నోట్‌బుక్కు దయచేసి ఆపకండి.

మీ మనసులో తెలుగు ‘ఇచ్చేవారు’, ‘వెళ్ళేవాణ్ణి’ అని ఉంది, రోజూ జరిగేది, అలవాటు. దానికి మీరు ‘వాజ్ గివింగ్’, ‘వాజ్ గోయింగ్’ పెట్టారు. మనవాళ్ళు దాదాపు అందరూ చేసేది ఇదే, ‘ఏవాణ్ణి’ అనగానే చేయి ‘వాజ్’ మీదకి పోతుంది. ఇంగ్లిష్‌లో అలవాటుకి ‘యూస్డ్ టు’ ఉంది: ‘మై ఫాదర్ యూస్డ్ టు గివ్ మి టెన్ పైసా ఎవ్రీ డే.’ ఒకసారి అలా మొదలుపెట్టాక ప్రతి వాక్యంలో అదే అక్కర్లేదు, ‘ఐ వాక్డ్ టు స్కూల్’ అంటే చాలు, లేదా ‘ఐ వుడ్ వాక్’. ‘వాజ్ గోయింగ్’ అంటే మాత్రం ఒక రోజు, ఒక దారి మధ్యలో మీరు నడుస్తున్న బొమ్మ వస్తుంది.

ఆ బొమ్మ మీకు కావలసిన చోటు ఒకటుంది, నాణెం పోయిన రోజు. పోవడం క్షణంలో జరిగింది, అది ‘లాస్ట్’. అది జరిగినప్పుడు మీరేం చేస్తున్నారు? ఉత్తరం చివర రాశారు, కాలవ గట్టు మీద నడుస్తూ నాణేన్ని పైకి ఎగరేసి పట్టుకుంటూ వెళ్తున్నానని. ఆ రెండూ ‘ఇంగ్’లో పెట్టండి, ఆరోజు మనవడి కళ్ళ ముందు నిలబడుతుంది:

‘మై ఫాదర్ యూస్డ్ టు గివ్ మి టెన్ పైసా ఎవ్రీ డే. ఐ వాక్డ్ టు స్కూల్. వన్ డే ఐ వాజ్ వాకింగ్ ఎలాంగ్ ద కెనాల్, టాసింగ్ ద కాయిన్ అండ్ క్యాచింగ్ ఇట్, వెన్ ఇట్ ఫెల్ ఇన్‌టు ద వాటర్.’

రెండో ‘ఇంగ్’ ముందు మళ్ళీ ‘వాజ్’ పెట్టలేదు చూడండి, ఒక్క ‘వాజ్’ మొత్తానికీ సరిపోతుంది. తర్వాత ఏం జరిగిందో, ఇంటికెళ్ళి నాన్నగారికి ఏం చెప్పారో మీరు రాయలేదు. అది కూడా రాసి, మీ మనవడికి చూపించాక నాకూ ఒక పేజీ పంపండి.